కళ్లు మూసుకుని ఎంచుకున్న ఇల్లు

నా చూపు పక్కల నుంచి మూసుకుపోతోందని తెలిసిన ఏడాదే మేం ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. మొదట్లో చీకటి పడితే ఏమీ కనిపించేది కాదు. తర్వాత పగలు కూడా గొట్టంలోంచి చూస్తున్నట్టు ఎదురుగా ఉన్నదే కనిపించేది. క్లాసులో లెక్క చెబుతుంటే పక్క బెంచీల పిల్లలు ఉన్నారో లేరో తెలిసేది కాదు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది కూడా మెల్లగా పోతుందని డాక్టరు చెప్పాక టీచరుద్యోగం ముందుగానే వదిలేశాను. స్టీల్ ప్లాంటులో పనిచేసే మా ఆయన, "నువ్వొక్కదానివీ ఇంట్లో కూకుంటే నాకు డ్యూటీ మీద మనసేటి ఉంటాది?" అంటూ తానూ రిటైర్మెంటు తీసుకున్నారు. క్వార్టరు ఖాళీ చేయాలి. మాకు పిల్లలు లేరు. ఎక్కడుండాలో మేమే తేల్చుకోవాలి.

మా ఆయనదీ మా తమ్ముడిదీ ఒకటే మాట, సముద్రం ఒడ్డున రుషికొండ. తమ్ముడు తన కారులో తీసుకెళ్లి పదో అంతస్తులో కొత్త ఫ్లాటు చూపించాడు. బాల్కనీ తలుపు తీయగానే ఎదురుగా సముద్రం. ఇద్దరూ రెయిలింగు దాకా వెళ్లారు.

"బావా, మంచం ఇటేసుకుంటే పడుకునే సముద్రం సూడొచ్చు," అన్నాడు తమ్ముడు.

నాకూ కనిపించింది, నీలంగా ఒక గుండ్రటి ముక్క. అందంగానే ఉంది.

"కూరగాయల కొట్టెక్కడరా?" అడిగాను.

"ఫోన్ కొడితే లిఫ్టెక్కి అవే వచ్చేత్తాయక్కా. నువ్వు కాలు కింద పెట్టక్కర్లేదు."

ప్రేమతోనే అన్నాడు. నాకు మాత్రం కాలు కింద పెట్టాలనే ఉంది. లిఫ్టు దగ్గరకొచ్చి బటన్లు తడిమి చూశాను. అద్దంలా నున్నగా ఉన్నాయి, వేలికి ఒక్క అంకె కూడా తగల్లేదు. కింద గేటు దాటితే కార్లు దూసుకుపోతున్నాయి. రోడ్డు వారన నడిచే చోటే లేదు.

కారెక్కాక, వద్దన్నాను.

"ఏటే, అంత మంచి ఇల్లు వద్దంటన్నావేటి?" అన్నారు మా ఆయన.

"మరో రెండేళ్లకి నాకా సముద్రం కనపడదండి. అప్పుడు నాను ఆ పదో అంతస్తులో ఏటి సేత్తాను? మీరు తలుపు తీస్తేనే బయటికి, మీరు సెయ్యి పడితేనే కిందకి. నాకలాగ వద్దు."

ఆయన ఉద్యోగమంతా ఫర్నేసు సెగలో గడిపిన మనిషి. సముద్రపు గాలి కావాలనుకోవడం తప్పేం కాదు. అది తెలిసి కూడా నేను తగ్గలేదు.

తర్వాత గోపాలపట్నంలో ఒక ఇల్లు చూశాం. కింది వాటా, గాలీ వెలుతురూ, చక్కటి పెరడు. మా ఆయనకు నచ్చింది, నాకూ నచ్చింది. కానీ బజారుకు పోవాలంటే హైవే దాటాలి. దాని వారన నిలబడి ఒకసారి కళ్లు మూసుకున్నాను. లారీల మోతలో ఎటు నుంచి ఏది వస్తోందో తెలియక రెండడుగులు వెనక్కి వేశాను. మా ఆయన నా మొహం చూసి, "పద, ఎల్దాం," అన్నారు.

సామాను సర్దడానికి ఇనప పెట్టెలు కావాలని ఒకరోజు పాతూరు వన్‌టౌన్ వెళ్లాం. సన్నటి వీధిలో ఒక ముస్లిం కుటుంబం రేకు పెట్టెలు చేసి అమ్ముతోంది. కొట్టు ముందు కూర్చుని ఆ పెద్దాయన రేకు మీద సుత్తితో కొడుతుంటే వీధంతా టంగు టంగుమంటోంది. పెట్టెలు ఎందుకని ఆయన అడిగితే చెప్పాం. అది విని లోపల్నుంచి ఆయన భార్య బయటికొచ్చింది. "పక్కిల్లు మాదే అమ్మా, అమ్మేద్దామని చూస్తున్నాం. ఒకసారి చూడండి," అంది.

పాత ఇల్లు. ముందు అరుగు, లోపల వరసగా గదులు, వెనక బావి. గోడల మీద చేయి పెడితే సున్నం రాలింది. మా ఆయన కిటికీ గట్టును వేలితో రాసి నాకు చూపించారు. నల్లటి దుమ్ము. గాలి హార్బరులోని బొగ్గు గుట్టల వైపు నుంచి వీస్తే ఇదే గతి అన్నారు.

నేను వీధిలోకి వచ్చి నిలబడ్డాను. వెనక సుత్తి మోత. ముందెక్కడో బేకరీ, రొట్టెలు కాలుతున్న వాసన. వీధి మార్కెట్టు వైపు కొద్దిగా వాలుగా దిగుతోందని కాళ్లకే తెలుస్తోంది. కార్లు పట్టనంత ఇరుకు.

"మార్కెట్టు దాకా ఎల్లొత్తాను. మీరు రాకండి," అన్నాను.

"కళ్లు మూసుకునా? పిచ్చేటే నీకు?"

అప్పటికే మూసుకున్నాను. మా ఆయన చేతిలోని గొడుగు లాక్కుని ముందు నేల తడుముకుంటూ బయల్దేరాను. నాలుగడుగులు వేశానో లేదో వెనకాల చెప్పుల చప్పుడు.

"ఎనక్కెళ్లండి," అన్నాను తిరగకుండానే. చప్పుడు ఆగింది.

బేకరీ దాటాక నిలిపి ఉన్న స్కూటరుకు గుద్దుకున్నాను. మోకాలు చెక్కుకుపోయింది. కళ్లు తెరవాలని ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. తెరవలేదు. ఎవరో ఆడమనిషి, "కుడి పక్కకు రామ్మా, కాలువుంది," అని కేకేసింది. ఇంకాస్త దిగితే చేపల వాసన, బేరాల గోల. వచ్చేశానని అప్పుడు కళ్లు తెరిచి చూస్తే ఎదురుగా కొత్తిమీర గుట్టలు. ఒక కట్ట కొన్నాను. మళ్లీ కళ్లు మూసుకుని, సుత్తి మోత వినిపించే దిక్కుగా వాలు ఎక్కుతూ వచ్చేశాను.

మా ఆయన పెట్టెల కొట్టు ముందు నిలబడి ఉన్నారు. ఆయన చేతిలో కొత్తిమీర పెట్టాను.

"దెబ్బ తగిలిందా?"

"తగిలింది. ఇల్లు బాగుందండి."

ఆయన నా మోకాలు చూసి, కొత్తిమీర చూసి, పెట్టెలు చేసే పెద్దాయన వైపు తిరిగారు. "సున్నం ఎవులేత్తారు, మీరా మేమా?" అని అడిగారు.

తమ్ముడు మాత్రం చాలా రోజులు అలిగాడు. "రుషికొండ వదిలి ఆ సందుల్లో దూరతారా?" అన్నాడు. గృహప్రవేశానికి వచ్చి మొహం ముడుచుకునే భోంచేసి వెళ్లాడు.

ఇప్పుడు నాకు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. తెల్ల కర్ర పట్టుకుని మార్కెట్టుకు నేనే వెళ్తాను. చేప మొప్ప ఎత్తి వాసన చూసి, బాగా లేకపోతే అక్కడే పోట్లాడతాను. సాయంత్రాలు అరుగు మీద వీధి పిల్లలకు నోటి లెక్కలు చెబుతాను. మా ఆయన దుమ్మును తిట్టుకుంటూ కిటికీలు తుడుస్తారు. గాలి కావాలనిపిస్తే బస్సెక్కి బీచికి పోయి వస్తారు, అప్పుడప్పుడూ నేనూ వెళ్తాను.

మొన్న ఆదివారం తమ్ముడు ఫోన్ చేశాడు. పెద్ద రోడ్డు మీద కారు పెట్టి నడిచి వస్తూ దారి తప్పాడట.

"అక్కా, ఎక్కడున్నానో తెలీడం లేదు. బావని పంపవా?"

"మీ బావ నీళ్లోసుకుంటన్నారు. నీ పక్కన ఏటి వినపడతాందో సెప్పు."

"ఏదో పిండి మిల్లులాగుందే."

"అక్కడే ఉండు. నానొత్తన్నాను."

కర్ర తీసుకుని వెళ్లాను. మిల్లు దగ్గర పిలిస్తే పలికాడు. నా చేయి పట్టుకోబోయాడు. "నా భుజం మీద సెయ్యేసి ఎనకాల రా. ముందు కాలువుంది, సూసుకో," అన్నాను. మూడు సందులు తిప్పి తీసుకొచ్చాను. దారిలో పలకరించిన వాళ్లందరికీ, "మా తమ్ముడండీ, దారి తప్పిపోయాడు," అని చెప్పుకుంటూ వచ్చాను.

అరుగెక్కాక వాడు కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. "బావకి సెప్పకక్కా," అన్నాడు. అప్పటికే మా ఆయన గుమ్మంలో నిలబడి అంతా విన్నారు.