ర్యాపర్ తలకెక్కిన నెమలి టోపీ: ఉట్నూర్ దారిలో ఒక రోజు

ఒక అమెరికన్ ర్యాపర్ జీవితం మీద తెలుగులో చిన్న పుస్తకం రాస్తున్నాను. పుస్తకం వచ్చేదాకా పేరు చెప్పను. మూతపడ్డ ఫ్యాక్టరీల ఊళ్ళో పుట్టాడు. తల్లి ఆస్పత్రిలో నైట్ డ్యూటీలు చేసి పెంచింది. పాటలు తనే రికార్డు చేసుకుని, కారు డిక్కీలో పెట్టుకుని అమ్మాడు. పేరు రాగానే కంపెనీతో గొడవలు, ఆ వెనకే జైలు. బయటికొచ్చాక కొంతకాలం ఎవరికీ కనపడలేదు. మళ్ళీ కనిపించేసరికి కొత్త ఆల్బమ్ అట్ట మీద అతని తలకు నెమలి ఈకల టోపీ ఉంది. ఉట్నూర్ దగ్గరి ఒక గోండు గూడెంలో, దీపావళి ముందు జరిగే దండారి పండుగలో, తనను గుస్సాడిని, అంటే దేవుడి రూపంలో ఆడే మనిషిని చేసి వాళ్ళే ఆ టోపీ పెట్టారని ఇంటర్వ్యూలో ఊరి పేరుతో సహా చెప్పాడు. ఓడిపోయినవాడు అడవికి పోయి దేవుడై తిరిగొచ్చాడట. కథ మరీ నున్నగా ఉందనిపించింది. ఆ అధ్యాయం ఉంచాలా తీసెయ్యాలా తేలక, ఈ దసరా సెలవుల్లో బయలుదేరాను.

కరీంనగర్‌లో పొద్దున ఆరింటికి బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు డబ్బులుండవు. ధర్మపురి దాటి గోదావరి మీదుగా లక్షెట్టిపేట, అక్కడి నుంచి జన్నారం. జన్నారంలో బస్సు మారితే ఉట్నూర్ దాకా టేకు అడవే. పదకొండు దాటాక దిగి, బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాను. గూడేనికి బస్సు లేదు. యూసుఫ్ భాయ్ అనే ఆయన జీపు రానూ పోనూ తొమ్మిది వందలకు మాట్లాడుకున్నాను.

యూసుఫ్ భాయ్‌ని పరీక్షించాలనే బుద్ధి నాకు ముందే పుట్టింది. ఫోన్లో వేరే ఎవరో గాయకుడి ఫోటో చూపించి, ఈయనను ఎప్పుడైనా చూశావా అని అడిగాను.

"గీయననా? ఎందుకు చూడలే మేడం, నా జీపులనే ఎక్కిండు. మస్తు మంచి మనిషి."

"ఈయన అసలు మన దేశానికే రాలేదు భాయ్."

అతను సిగ్గుపడలేదు. "మీరు గంత దూరంకెల్లి వచ్చిన్రు. కాదంటే పరేషాన్ అయితరని అన్న" అన్నాడు. నా అనుమానం ఇంకాస్త బలపడింది. ఇక ఎవరు అవునన్నా నమ్మకూడదనుకున్నాను.

గూడెంలో మమ్మల్ని చూడగానే జంగు పటేల్ మంచం వాల్చాడు గాని మొహం విప్పలేదు. ఆయన ఆ ఊరి పెద్ద. నేను పుస్తకం మాట ఎత్తాను.

"రాసుకో. ఒకడు టోపీ పెట్టినమని చెప్పిండు. నువ్వేమో కాళ్ళు మొక్కినమని రాయి" అన్నాడు.

ఆయన భార్య రాజుబాయి నీళ్ళ చెంబు తెచ్చింది. ఆమెకూ అదే తప్పుడు ఫోటో చూపించాను. ఒక్కసారి చూసి ఫోన్ తిప్పి ఇచ్చేసింది.

"వీడెవడు? మా ఇంట్ల ఉన్నోడు గీడు కాదు. ఆనికి ఎడమ చెవి సగమే ఉంటది. పండేటప్పుడు తువ్వాల తీస్తే చూసిన."

జైలు కొట్లాటలో అతని చెవి తెగిందని పాత కోర్టు వార్తల్లో చదివాను. ఫోటోల్లో ఎప్పుడూ దాన్ని గుడ్డతో కప్పే ఉంచుతాడు. అంటే అతను వచ్చిన మాట నిజం. నేను లేదనుకున్నదే జరిగింది.

"మరి టోపీ?"

"అడిగిండు. ఈయన ఇయ్యలే" అంది, భర్తను చూపిస్తూ. "అది పెట్టుకున్నోడు ఆ దినాలు దేవుడు బాయి. తానం చెయ్యడు, మంచమెక్కడు. వీడేమో మా మంచం మీద పండి, జొన్న గట్క తిని, కడుపు ఆగక రాత్రంత చెంబు పట్టుకొని ఉరికిండు. గసుంటోడు గుస్సాడి ఎట్లయితడు?"

పటేల్ మొదటిసారి నవ్వాడు. "ఆటల చప్పట్లు గూడ కొట్టరాదు ఆనికి. పిల్లలు నవ్విన్రు. ఫోటోల ఉన్న టోపీ యాడ చేపిచ్చుకున్నడో."

ఆ నవ్వు నిలవలేదు. దండారిలో ఒక ఊరి ఆటగాళ్ళు వియ్యమందిన ఇంకో ఊరికి వచ్చి ఆడతారు, ఆ ఊరివాళ్ళు అన్నం పెడతారు. ఈ ఊరికి ఏటా వచ్చేది రాజుబాయి పుట్టినూరి దండు. ఇంటర్వ్యూ ఫోన్లలో తిరిగాక, దేవుడి టోపీ పైసలకు అమ్ముకున్న ఊరికి రామని ఆమె అన్న సోము పటేల్ కబురు పెట్టాడట.

"నిరుడు అన్నం వండినం. పొద్దు గుంకేదాక చూసినం. డప్పు సప్పుడు ఇనరాలే" అంది రాజుబాయి. "ఈ ఏడు గూడ రాకుంటే ఇగ నాకు పుట్టిల్లు లేనట్టే. నువ్వొచ్చి చెప్పు. మేం చెప్తే నమ్ముతలేడు."

ఎవరి కథకూ సాక్షిగా పోవడం నాకు ఇష్టం లేదు. ఆమె నన్ను వాడుకుంటోందేమో అని కూడా అనిపించింది. అయినా ఆమెతో పాటు జీపెక్కాను. నాలుగు మైళ్ళ గతుకుల దారికి యూసుఫ్ భాయ్ ఇంకో రెండు వందలడిగాడు.

సోము పటేల్ పత్తి చేను గట్టు మీద నిలబడి విన్నాడు. "టోపీ పెట్టలేదని నువ్వు చూసినవా?"

"లేదు."

"మరెట్ల చెప్తవ్?"

"వాళ్ళు పెట్టలేదని నేను రుజువు చెయ్యలేను. అతను వచ్చాడని మాత్రం మీ చెల్లె మాటతో తెలిసింది. టోపీ సంగతి కూడా ఆమే చెప్పింది. అతని మాటా ఆమె మాటా ఉన్నాయి. నేను ఆమె మాట రాస్తాను."

అతను నా భుజం మీదుగా జీపు వైపు చూశాడు. రాజుబాయి దిగకుండా కొంగు నోటికడ్డం పెట్టుకుని అందులోనే కూర్చుంది.

"అది దిగదా?"

"మీరు పిలవలేదు కదా."

"పుట్టినింటికి పిలుస్తరా ఎవరన్న? దిగి ఇంట్లకి పొమ్మను. వదిన ఉన్నది" అన్నాడు. దండారి మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఈ దీపావళికి ఆ దండు కదులుతుందో లేదో నాకు తెలియదు. చెల్లెల్ని లోపలికి రమ్మన్నంత మాత్రాన ఊరు ఊరిని క్షమించినట్టు కాదు. తనను లోకం నమ్మలేదనేదే ఆ ర్యాపర్ పాటలన్నిటి బాధ. ఆ బాధ నాకు ఇప్పటికీ నిజమే అనిపిస్తుంది. అతను అంత దూరం వచ్చాడు, జబ్బుపడ్డాడు, పిల్లలు నవ్వితే ఓర్చుకున్నాడు. అదంతా దాచి, లేని టోపీ ఒకటి తలకెత్తుకున్నాడు. దాని బరువు మాత్రం రాజుబాయి మోస్తోంది. అధ్యాయం ఉంచుతున్నాను. అందులో అతను టోపీ లేకుండా, రాజుబాయి ఇంటి మంచం మీదే ఉంటాడు.

దండారి చూడ్డానికి పోయేవాళ్ళకు ఒక్క మాట: ఫోన్ తీసేముందు ఊరి పటేల్‌ను అడగండి, నెమలి టోపీతో ఉన్నవాళ్ళ పక్కన సెల్ఫీకి పోకండి, చీకటి పడకముందే జన్నారం అడవి దాటేలా బయలుదేరండి.