పెద్ద సీసాలో డికాషన్

ముందే ఒప్పేసుకుంటాను. నేను తీసిన ఫోటోలో, చీరాల పన్నీరు సాయిబు గారింటి పెద్ద సీసాలో ఎర్రగా కనిపించింది టీ డికాషన్. అది పోసింది నేను. ఈ రెండు ముక్కలు చెప్పటానికి నాకు పాతికేళ్లకు పైగా పట్టింది. ఎవరూ అడక్క కాదు. అడగాల్సిన మనిషి నా స్టూడియోకి వచ్చి, నా ఎదురుగా నిలబడి, మెల్లగా అడిగారు. నేను చెప్పలేదు. ఆ ఊళ్లో ఆ ఫోటోని చూసి నవ్వుకున్నవాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. వాళ్లు ఇది చదివితే నా మనసు కొంచెం కుదుటపడుతుంది.

అవి రీలు కెమెరాల రోజులు. ఏం తీశామో గుంటూరు ల్యాబ్ నుంచి కవరు వచ్చేదాకా తెలిసేది కాదు. అలాంటి గుడ్డి పనిని అంత ధైర్యంగా ఎలా చేసేవాళ్లమో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. స్టేషన్ రోడ్డులో కొత్తగా స్టూడియో పెట్టాను. ముందువైపు అద్దాల షోకేసు, లోపల ఒక స్టూలు, గోడ మీద జలపాతం బొమ్మ గీసిన పరదా. పెళ్లికూతురి ముఖం మెరిస్తే పౌడరు రాయటం, పెళ్లికొడుకు నవ్వకపోతే నవ్వించటం, నాకు తెలిసిన ఫోటో విద్య అంతే. (బోర్డు మీద మాత్రం 'అన్ని రకముల ఫోటోలు కళాత్మకముగా తీయబడును' అని రాయించాను.)

ఆ బోర్డు చూసే సాయిబు గారు వచ్చారు. నూలుకు రంగులద్దే పని ఆయనది. గోళ్లెప్పుడూ నీలంగా ఉండేవి. ఊరికి ఆయన పన్నీరు సాయిబు గారు. ఎందుకంటే ఎవరింట్లో పెళ్లయినా, ఏ కులం వాళ్లయినా, ఏ మతం వాళ్లయినా, పన్నీరు ఆయనింటి పెద్ద సీసాలో రావాల్సిందే. అది ఈనాటి సీసా కాదు. ఆయన తాత ఒకప్పుడు పొగాకు కంపెనీ దొర బంగళాలో వంటమనిషి. దొర దేశానికి వెళ్లిపోతూ బీరువాలోని గాజు సామానంతా ఆయనకిచ్చేశాడు. పలకలు పలకలుగా చెక్కిన పెద్ద సీసా, దానికి గుమ్మడిపువ్వులాంటి గాజుమూత, నీలం రంగు పూలకూజాలు, కాళ్లున్న పళ్లెం, అరచేతిలో పట్టే అత్తరు సీసాలు. పెద్ద సీసాలో దొర ఏం పోసుకు తాగేవాడో అందరికీ తెలిసిందే. అందుకని ఆ తాత దాన్ని నలభై రోజులు కడిగి ఎండబెట్టి, ఇక ఇందులో పన్నీరు తప్ప మరో చుక్క పడదని ఒట్టు పెట్టుకున్నాడట. కొడుకూ ఆ ఒట్టు నిలబెట్టాడు. మనవడు, అంటే మన సాయిబు గారు, దాన్ని తన పరువుగా మోస్తున్నారు.

"మొన్న జాండ్రపేటలో పెళ్లికిస్తే ఒక కూజా పగిలిందబ్బాయ్," అన్నారాయన. "నాలుగు రోజులకే దాని అంచు ఎట్టా ఉండేదో గుర్తు రావట్లా. మిగతావి కూడా పోకముందే ఒక్కోదానికీ ఫోటో తీసిపెట్టు. గాజు తీయటం వచ్చా నీకు?"

"మనుషుల్నే తీస్తున్నానండీ, గాజెంతసేపు!" అన్నాను.

తీశాను. మండుటెండాకాలం, తలుపులేసిన గది, చొక్కా విప్పి పక్కన పెట్టి, ఫ్లాషు మీద ఫ్లాషు కొట్టి రీలంతా తీశాను. కవరు వచ్చింది. ప్రతి సీసా నడిమధ్యలో ఒక తెల్లటి మెరుపు, ఆ మెరుపు పక్కనే పొట్టిగా, బనియన్‌తో నేను. పదహారు సామాన్లు తీస్తే పదహారింటిలోనూ ఉన్నాను. పూలకూజాలో అయితే రెండుచోట్ల ఉన్నాను. సాయిబు గారు ఒక్కో ఫోటో తిప్పి చూసి, "నువ్వు బాగానే పడ్డావబ్బాయ్. సీసాలు కూడా కనపడేట్టు ఇంకోసారి తీస్తావా?" అన్నారు. ఆ మాటలో వెటకారం లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

రెండోసారి కాస్త బుద్ధి తెచ్చుకున్నాను. ఫ్లాషు మానేసి, కిటికీకి తెల్ల దుప్పటి కట్టి, ఆ వెలుతురులో తీశాను. మెరుపు పోయింది, నేనూ పోయాను. నీలం కూజాలు చక్కగా వచ్చేలా ఉన్నాయి. పెద్ద సీసాతోనే చిక్కు. తెల్ల దుప్పటి ముందు తెల్లగాజు, కెమెరాలోంచి చూస్తే మూత ఒక్కటే గాల్లో తేలుతున్నట్టుంది. మధ్యాహ్నం నమాజు వేళయింది. సాయిబు గారు టోపీ పెట్టుకుంటూ, "నే వచ్చేదాకా నిదానంగా తీసుకో. దాంట్లో మాత్రం చుక్క నీళ్లు కూడా పోయబాక," అని చెప్పి వెళ్లారు. "అట్టాగేనండీ," అన్నాను. ఇంట్లో మిగిలింది వాళ్లబ్బాయి ఒక్కడే. నా ఈడువాడు, పక్క గదిలో ఫ్యాను కింద మంచి నిద్రలో ఉన్నాడు.

వీధి మలుపులో టీ బడ్డీ ఉంది. పాలు, చక్కెర లేని డికాషన్ ఒక చెంబుడు పట్టించుకొచ్చి, చల్లార్చి, పెద్ద సీసాలో సగానికి పోశాను. ఏం చెప్పను! కిటికీ వెలుతురు ఆ డికాషన్‌లో పడి, ఒక్కో పలకా ఎర్రబంగారంలా వెలిగింది. అందం చాల్లేదని పక్కన రెండు చిన్న గ్లాసులు కూడా పెట్టాను. (ఆ గ్లాసులు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.) రెండు ఫోటోలు తీసి, డికాషన్ పెరట్లో పారబోసి, మెడ సన్నంగా ఉంది గనక చేతికందినంత వరకు జేబురుమాలుతో తుడిచి, మూత పెట్టేశాను. ఆయన వచ్చేసరికి అంతా ఎక్కడిదక్కడే ఉంది.

ఆయనకిచ్చిన ఆల్బంలో పెద్ద సీసాది ఖాళీగా ఉండగా తీసిన ఫోటోయే పెట్టాను. డికాషన్ పోసినదాన్ని మాత్రం పెద్దది చేయించి, చట్రం కట్టించి, నా షోకేసులో నడిమధ్యన నిలబెట్టాను. బాపట్ల నుంచి కూడా స్టూడియోలవాళ్లు వచ్చి చూడాలని నా ఆశ. ఎవరూ రాలేదు గానీ, సాయంత్రం రైలుకు పోయేవాళ్లంతా ఆగటం మొదలుపెట్టారు.

"ఒరేయ్, ఇది సాయిబు గారి సీసా కాదంట్రా?"

"అదే. మా అక్క పెళ్లిలో చూళ్లా?"

"మరి పన్నీరు ఈ రంగులో ఉందేందిరా?"

"పాతబడితే ఇట్టా అయిద్దేమోలే. పక్కన గ్లాసులు కూడా పెట్టారుగా, చల్లుకోటానికి!"

మొదటిరోజు నేను కూడా నవ్వాను. నాలుగోరోజుకి నవ్వు రాలేదు. "ఆ తాగే చేత్తో చల్లిన పన్నీరా మనం తల మీద పోయించుకుంది?" అని ఎవరో అన్నారు. ఆ వారం ఒక పెళ్లివాళ్లు సీసా అడిగి మళ్లీ వద్దన్నారట. అప్పుడైనా ఫోటో తీసేయాల్సింది. తీయలేదు. తీస్తే ఎందుకు తీశావని అడుగుతారని భయం.

సాయిబు గారు ఒక ఉదయం వచ్చారు. షోకేసు ముందు చాలాసేపు నిలబడి, తర్వాత లోపలికొచ్చారు.

"ఇదెప్పుడు తీశావబ్బాయ్?"

"ఆ రోజేనండీ."

"నేను నమాజుకి పోయినప్పుడా?"

"అవునండీ."

"అప్పుడింట్లో ఎవరున్నారు?"

"మీ అబ్బాయండీ."

ఆయన గోళ్ల వంక చూసుకున్నారు. "లోపలున్నదేంది?"

చుక్క కూడా పోయబాకన్న మాటకి అట్టాగేనన్న నోరు నాది. అదే నోటితో, "నాకేం తెలుసండీ. ఉన్నది ఉన్నట్టు తీశాను," అన్నాను.

"మంచిది," అని వెళ్లిపోయారు. నేను అమ్మయ్య అనుకున్నాను. నిజమే చెప్తున్నాను, అమ్మయ్య అనే అనుకున్నాను. ఆ మధ్యాహ్నం ఫోటోని షోకేసులోంచి తీసి బీరువా వెనక పెట్టాను. సాయిబు గారు ఊళ్లో ఎవరితోనూ వాదించలేదు, ఒట్లు పెట్టలేదు. సీసాని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ తర్వాత ఏ పెళ్లికీ అది రాలేదు. పన్నీరు ప్లాస్టిక్ సీసాల్లో రావటం మొదలైంది. కొన్నేళ్లకి ఆయన్ని పన్నీరు సాయిబు గారని ఎందుకనేవాళ్లో కూడా కుర్రకారుకి తెలియకుండా పోయింది. ఆయన పరువు ఒక్కటే పోగొట్టాననుకుని ఇన్నాళ్లూ బాధపడుతూ వచ్చాను. లెక్క తప్పని మొన్న తెలిసింది.

మొన్న ఆయన కొడుకు నా స్టూడియోకి వచ్చాడు. ఆ గొడవ జరిగిన ఏడాదే దర్శి వెళ్లి గిన్నెల కొట్టు పెట్టుకున్నవాడు. గడ్డం సగం నెరిసింది, నా పొట్ట కంటే వాడి పొట్ట పెద్దది. కూతురి నిఖా చీరాలలోనే చేస్తున్నాడట.

"ఫోటోలు నువ్వే తీయాల్రా. నాన్న ఆర్డరు. 'వాడు ఉన్నది ఉన్నట్టు తీస్తాడు, ఇంకెవరూ వద్దు' అన్నాడంట."

"అన్నాడంట ఏందిరా? నీతో అనలేదా?"

"నాతో ఎక్కడ మాట్లాడతాడు! ఏదన్నా ఉంటే మా అత్తతో కబురంపుతాడు. ఇన్నేళ్లొచ్చినాయి, నేనేం చేశానో నాకు తెలవదు. ఒక్కసారి అడిగితే, 'ఆ సీసా ముట్టుకున్న చెయ్యి నాకు చూపించబాక' అన్నాడు. ఆ సీసా నేనెప్పుడు ముట్టుకున్నా?"

నేను స్టూలు మీద కూర్చున్నాను. ఆ ఉదయం సాయిబు గారడిగిన ప్రశ్నలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఇంట్లో ఎవరున్నారని ఎందుకడిగారో, మంచిదని ఎందుకు వెళ్లిపోయారో, ఊరు అన్ని మాటలంటుంటే నోరెందుకు మెదపలేదో అప్పటికి తెలిసింది. కొడుకు తాగాడని నమ్మి, ఆ నింద వాడి మీద పడకుండా తన మీద వేసుకున్నారు. "బండి తియ్యి. మీ నాన్న దగ్గరికి పోదాం," అన్నాను.

సాయిబు గారికి ఎనభై దాటాయి. వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నారు. కొడుకు అలవాటుగా గేటు దగ్గరే ఆగిపోయాడు. నేను మంచం ముందు నేల మీద కూర్చుని అంతా చెప్పాను. టీ బడ్డీ, చెంబు, గ్లాసులు, జేబురుమాలు, ఏదీ దాచలేదు.

"ఆ రోజు నీ దగ్గర్నుంచి ఇంటికి పోయి మూత తీస్తే పులిసిన వాసనొచ్చింది," అన్నారాయన అంతా విని. "సారా వాసన ఎట్టా ఉంటదో నాకేం తెలుసు? అదే అనుకున్నా." నా వైపు వంగి, "టీనా?" అన్నారు.

"టీయేనండీ. ఉత్త డికాషన్."

"చెప్తే నేనేం చేసేవాణ్ణబ్బాయ్? నాలుగు తిట్టి, మళ్లీ నలభై రోజులు కడుక్కునేవాణ్ణి."

క్షమించమని ఆయన కాళ్లు పట్టుకోబోయాను. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నారు. "నాకు చెప్పుకునేది తర్వాత. వాడికి చెప్పు," అని, గేటు వైపు తిరిగి పిలిచారు. "ఒరేయ్, నాన్నా! ఇట్రా."

వాడు చెప్పులు గేటు దగ్గరే వదిలేసి వచ్చాడు. వచ్చి తండ్రి ముఖంలోకి, తర్వాత నా ముఖంలోకి చూశాడు. నేను లేచి నిలబడి, ఇరవై మూడేళ్లప్పుడు చెప్పాల్సిన మాట యాభై దాటాక చెప్పాను. "ఆ సీసాలో టీ పోసింది నేను. మీ నాన్న అడిగితే భయపడి అబద్ధం చెప్పాను. నువ్వు ఆ రోజు నిద్రపోవటం తప్ప ఏమీ చేయలేదురా. నన్ను క్షమించు."