గోడ వెనక మనిషి

అక్క కొడుకు ఫోన్లో తుపాకీ ఆట ఆడుతుంటే, ఆ చప్పుడుకు నాకు తాత గుర్తొచ్చాడు.

అప్పుడు నాకు పదేళ్లు. ఒక మధ్యాహ్నం ప్రొద్దుటూరులో మామ కంప్యూటర్ మీద అలాంటి ఆటే ఆడుతున్నాను. జమ్మలమడుగు పక్క పల్లె నుంచి వచ్చిన తాత నా వెనక మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. ఆయన అంతకుముందు కంప్యూటర్ ముట్టుకున్న మనిషి కాదు.

"ఆ మొండిగోడ పక్కకు పోవాకు పాపా. దాని ఎనక ఒకడుంటాడు," అన్నాడు మెల్లగా.

నిజంగానే ఉన్నాడు. కాల్చేశాను.

"యాపొద్దూ ఒక్కణ్నే పెట్టరు. మిద్దె మీద చూడు."

అక్కడా ఒకడున్నాడు. వాణ్నీ కాల్చి వెనక్కి తిరిగాను.

"ఈ ఆట నువ్వు ముందే ఆడినావా తాతా?"

తెర మీద పడిపోయినవాడు కాసేపటికి మాయమయ్యాడు. తాత ఆ ఖాళీ నేల వైపే చూస్తూ, "వాని ఇంటి ఆడోళ్లు ఇంగా రాలేదేం?" అన్నాడు.

"ఆటలో ఆడోళ్లు రారు తాతా."

"వస్తారు," అన్నాడు.

మర్నాడు బడిలో, మా తాత ఈ ఆటలో అందరికన్నా మొనగాడని గొప్పలు చెప్పుకున్నాను.

ఆయన పోయాక అమ్మ చెప్పింది, వయసులో ఉన్నప్పుడు ఊరి కక్షల్లో తాత కూడా అలా పొంచి కూర్చున్నవాడేనని. ఆ మధ్యాహ్నం ఆయన ఎవరింటి ఆడవాళ్ల కోసం ఎదురుచూశాడో అమ్మకూ తెలియదు.