సోమశిలల నేను పొడిచిన వాలుగ

కృష్ణానదిల నేను మునిగిన సంగతి చెప్తా, జర నిమ్మళంగ కూసొని వినుండ్రి. భయపడకుండ్రి, నాకేం కాలే. ఈత నాకు మంచిగనే వస్తది. ఆ దినం మునిగింది నా ఇజ్జత్, దాని ఎంబడి మా బాపు ఇజ్జత్. అవి రెండూ ఎంత లోతుకు పోయినయంటే, శ్రీశైలం డ్యాం గేట్లన్నీ ఎత్తి నీళ్లన్నీ ఇడిచిపెట్టినా మళ్ల బయటపడేటట్టు లేవు.

నా పేరు ఎస్తేరు. పుట్టింది నకిరేకల్ కాడ ఒక ఊర్ల. బడిల పిల్లలకు ఆటలు నేర్పే పీఈటీ మేడంను. పెండ్లయి కొల్లాపూర్‌కు వచ్చిన. మా ఆయన యోహాను కరెంటు ఆఫీసుల పని చేస్తడు, మా అత్తమ్మ ఇంట్ల రాజ్యం చేస్తది. నేను ఈత నేర్చింది మా చేను కాడి బాయిల. నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి మా బాపు బాయిలకు నూకిండు, నేను తేలిన. కొన్నొద్దులకు బుర్ర ఇడిచిపెట్టి, అడుగుదాక మునిగి పిడికెడు మన్ను తెచ్చి పైన చూపిచ్చుడు మొదలుపెట్టిన. మొగపిల్లలు గడ్డ మీద నిలబడి నోరు తెరుసుకొని చూసేటోళ్లు. గా తెరిచిన నోర్లే నన్ను చెడగొట్టినయ్.

కొల్లాపూర్ దాటి జర దూరం పోతే సోమశిల. అక్కడ కృష్ణ నది లెక్క కాదు, సముద్రం లెక్క ఉంటది. వానకాలం ఎర్రగ పారిన నీళ్లు చలికాలం పోయేసరికి తేటగయితయ్. పెండ్లయిన కొత్తల యోహాను నన్ను అక్కడికి తీస్కపోయి సూర్యుడు గుట్టల ఎనుకకు దిగుతుంటే చూపిచ్చిండు. నేను సూర్యుని చూడలే, నీళ్లను చూసిన. ఇంత పెద్ద బాయి ఉండంగ ఇన్నొద్దులు బడి గ్రౌండుల విజిల్ ఊదుకుంట ఎట్ల బతికిన్నో నాకే అర్థం కాలే.

అదే వారం ఫోన్ల ఒక వీడియో కనవడ్డది. ఏదో దేశంల ఒకామె, ముక్కుకు గొట్టం లేదు, వీపుకు సిలిండర్ లేదు, ఊపిరి బిగవట్టి సముద్రంల మునుగుతున్నది. కాళ్లకు మనిషి కాలంత పొడుగున్న ఫిన్స్. అంటే కప్ప కాళ్ల లెక్క రబ్బరు చెప్పులు, వాటి ముందర పొడుగాటి పలక. ఒక్కపారి కాలు ఊపితే బస్సు పొడుగంత దూరం పోతున్నది. చేతుల రబ్బరు కట్టిన బరిసె. చేప కనవడ్డది, బరిసె ఇడిచింది, అయిపోయింది. గా వీడియోను ఎన్నిసార్లు చూసిన్నో నాకు తెల్వదు, అత్తమ్మకు మాత్రం తెలుసు, ఎందుకంటే ఆ వీడియోల పాట ఆమెకు నోటికొచ్చింది.

ఫిన్స్ అమ్మే దుకాణం విశాఖపట్నంల ఉన్నదంటే ఫోన్ చేసిన. అటుపక్క ఒకాయన మర్యాదగ మాట్లాడిండు.

"ఫ్రీడైవింగ్ ఎప్పటి నుంచి చేస్తున్నారండీ?"

"చిన్నప్పటి సంది."

"ఎక్కడండీ?"

"బాయిల."

"బాయి అంటే ఏ బీచండీ?"

"బీచ్ కాదు సార్, బాయి. మోటారు పెట్టి పొలానికి నీళ్లు పారిస్తరు సూడుండ్రి, గా బాయి."

ఆయన గొంతు మెత్తగ చేసుకొని, చిన్నపిల్లకు మందు తాపినట్టు చెప్పిండు. "అయితే మేడం, ముందు మెత్తటి పలక ఉన్నవి తీసుకోండి. పిక్కలు అలవాటు పడాలి. గట్టి పలకలు బాగా అనుభవం ఉన్నవాళ్లకండీ."

ఇనేటోళ్లారా, మీరే చెప్పుండ్రి. నేను పీఈటీని. పొద్దుగాల లేస్తే గ్రౌండు చుట్టూ ఉరుకుతా. నాకు మెత్తటిదా?

"మీ దగ్గర అన్నిట్లకన్న గట్టిది ఏది?" అన్న.

"ఉందండీ, కానీ..."

"అన్నిట్లకన్న పొడుగుది?"

"అదీ అదేనండీ, కానీ..."

"గదే పంపుండ్రి. కండ్లకు అద్దం, రబ్బరు బరిసె గూడ."

"సరే, పాదం కొలత చెప్పండి. కాలికి అతికినట్టుండాలి, వదులుంటే నీళ్లలో ఊడిపోతుంది."

కొలత చెప్పిన. చెప్పి, ఒక సైజు పెద్దది పంపుమన్న. ఎందుకని అడగకుండ్రి. మా ఇంట్ల బూట్లు కొన్నా, బట్టలు కొన్నా, పెరిగే పిల్లలని ఒక సైజు పెద్దదే కొన్నరు. నేను పెరుగుడు ఎప్పుడో ఆగిపోయింది, గా అలవాటు మాత్రం ఆగలే. ఆయన మళ్ల ఏదో చెప్పబోతే "సాక్సులు తొడుక్కుంటలే సార్" అని పెట్టేసిన.

పార్సిల్ రానే వచ్చింది. అట్టపెట్టె గోడకు నిలబెడితే నా భుజం దాక ఉన్నది. అత్తమ్మ చుట్టూ తిరిగి చూసింది.

"ఏందే ఇది, కిటికి తలుపులా?"

ఇప్పి చూపిచ్చిన. నల్లగ నిగనిగలాడుతున్నయ్, పలక మీద తెల్లటి కంపెనీ గుర్తు. అత్తమ్మ ఒకదాన్ని చేతుల పట్టుకొని వంచ చూసింది, అది వంగలే.

"గివి నీ కాళ్లకా?"

"అవ్ అత్తమ్మా."

"మరి ఇంట్లకు ఎట్ల వస్తవ్ బిడ్డా?"

ఎట్ల వస్తనో చూపిద్దామని వాకిట్లనే తొడుక్కొని ఒక అడుగు ముందుకేసిన. పలక కొస నేలకు తట్టుకున్నది, నేను పోయి అత్తమ్మ ఎండవోసిన మిరపకాయల మీద బోర్లా పడ్డ. తుమ్ముల మీద తుమ్ములు. కోళ్లు గోడ దుంకి పక్కింటికి పోయినయ్. యోహాను నన్ను లేపుకుంట, "వీడియోల ఎనుకకు నడుస్తున్నరే, నువ్వు చూడలేదా" అన్నడు. ఆ దినం సంది వాకిట్ల ఎనుకకు నడుసుడు ప్రాక్టీసు పెట్టిన. పక్కింటి రజియా చాచి కోళ్లను తోలుకొచ్చి, నన్ను చూసి అత్తమ్మ చెవుల అడిగింది, "కోడలును జర దవాఖానల చూపియ్యరాదా?"

ఇంత దాక అయితే నష్టం ఇంట్లనే ఉండె. అప్పుడే బాపు ఫోన్ చేసిండు. సెలవులకు మొదటిసారి మా అత్తగారింటికి వస్తున్నమని చెప్పిండు.

"ఏం తేవాలె బిడ్డా? మటన్ తేవాన్నా?"

"ఉత్త చేతులతోని రా బాపు. నేనే కృష్ణల మునిగి, చేపను పొడిచి, నీ పల్లెంల ఏస్త."

బాపు నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్ల పనిచేస్తడు. ఆయనకు ఒక మాట చెప్తే, నిమ్మకాయలు పోయే ఊర్లన్నిటికీ గా మాట పోతది. ఇద్దరు వస్తరనుకుంటే జీపు నిండ వచ్చిన్రు. అమ్మ, చిన్నమ్మ, మార్కెట్ల దోస్తులు, వాళ్ల పెండ్లాలు. చేప వండనీకె పెద్ద గంజు తెచ్చిన్రు, దాని మీద పిండనీకె సంచి నిండ నిమ్మకాయలు.

అత్తమ్మ పొద్దుగాలనే మసాలా నూరింది, చింతపండు నానేసింది. నన్ను పక్కకు పిలిచింది.

"బిడ్డా, ఎందుకన్న మంచిది, బజార్ల చేప తెప్పిచ్చి పెట్టనా?"

"నా మీద నమ్మకం లేదా అత్తమ్మా?"

"నీ మీద ఉన్నది. చేప మీద లేదు."

నేను ఇనలే. గంజు, పొయ్యి రాళ్లు, మసాలా, నిమ్మకాయలు, చుట్టాలు, అందర్నీ ఏసుకొని సోమశిల పోయినం. చేపల సొసైటీ పెద్దమనిషిని ముందే పర్మిషన్ అడిగిన. ఆయన నా ఫిన్స్‌ను కింది నుంచి మీది దాక చూసి, "నువ్వు పట్టేదానికి పర్మిషన్ ఎందుకమ్మా" అన్నడు. నేను దాన్ని మర్యాద అనుకున్న.

ఒడ్డుకు బురద. ఎనుకకు నడుసుకుంట దిగుతుంటే పలకలు బురదల దిగబడి, గుంజితే రావట్లే. యోహాను, చిన్నమ్మ చెరో చెయ్యి పట్టి నారు పీకినట్టు పీకిన్రు. ఒడ్డు మీద బాపు అందరికీ చెప్తనే ఉన్నడు, "అది లోపల చేప, బయట గట్లనే ఉంటది" అని.

యోహాను పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ, ఎక్కిండు. చిన్నప్పటి సంది ఆ నీళ్లల్ల తెడ్డు ఏసినోడు. నా నడుముకు తాడు కట్టి, తాడు కొస తన చేతుల పెట్టుకొని, "జర గుంజితే చాలు, పైకి లాగుత" అన్నడు. అద్దం పెట్టుకొని, ఊపిరి పీల్చుకొని, మునిగిన.

ఇప్పుడు నవ్వుడు జర ఆపుండ్రి. ఇంత సేపు నన్ను నేను తిట్టుకున్న గానీ, గా మొదటి మునక గురించి ఒక్క చెడ్డ మాట చెప్పలేను. ఒక్కసారి కాళ్లు ఊపిన, నీళ్లు నా పక్కల నుంచి సర్రున జారిపోయినయ్. పచ్చటి వెలుతురు. పైన ఎండ ముక్కలు ముక్కలై కిందికి దిగుతున్నది. ఒడ్డు మీది లొల్లి మొత్తం బందయింది, నా గుండె చప్పుడే ఇనవడ్డది. చిన్న చేపల గుంపు నా మొఖం ముందరనే ఇటు మర్లి అటు మర్లి పోయింది. బాయిల మన్ను తెచ్చిన పిల్ల యాద్కొచ్చింది. పైకొచ్చి ఊపిరి తీసుకొని ఊరికెనే నవ్విన.

మళ్ల మునిగిన. మళ్ల లేచిన. ఇంకొకసారి మునిగిన. గప్పుడు ఎడమ పిక్క పట్టేసింది. ఎట్ల పట్టేసిందంటే, లోపల ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు. గట్టి పలక కదా, నేను దాన్ని ఊపుతలేను, అదే నన్ను ఊపుతున్నది. పైకి తేలి కాలు ఇదిలిచ్చిన, మళ్ల ఇదిలిచ్చిన. ఒక్కసారిగ కాలు తేలికయింది. నొప్పి కూడ తగ్గింది. ఇగో, ఇప్పుడు ఒడుపు దొరికింది, అనుకున్న.

ముందుకు పోదామని కాళ్లు ఆడిచ్చిన. పుట్టి ఒకసారి కుడిపక్క కనవడ్డది, జరసేపటికి ఎడమపక్క కనవడ్డది, మళ్ల కుడిపక్క.

"ఏందే, గానుగెద్దు లెక్క సుట్టు తిరుగుతున్నవ్?" అన్నడు యోహాను.

"సప్పుడు జెయ్యకు. చేపను సుట్టుముడుతున్న."

అద్దం నీళ్లల్ల పెట్టి కిందికి చూసిన. నా కిందనే, పచ్చటి మసకల, నల్లగ, పొడుగ్గ, బల్లపరుపు ఒళ్లుతోని ఒక చేప. నిమ్మళంగ అటూ ఇటూ ఊగుకుంట అడుగుకు దిగుతున్నది. పక్కన తెల్లటి కన్ను తళుక్కుమన్నది. వాలుగ. అంత పెద్ద వాలుగను కొల్లాపూర్ బజార్ల కూడ చూడలే. పారిపోతలేదు, బెదురుతలేదు. ముసలిదేమో, నీళ్ల బతుకు ఇసుగొచ్చిందేమో అనుకున్న.

ఊపిరి నిండ పీల్చుకొని దిగిన. బరిసె రబ్బరు గుంజి, ఊపిరి బిగవట్టి, ఇడిచిన. దిగింది. చేతికి తెలిసింది, మెత్తటి కండల దిగినట్టు. బరిసెను రెండు చేతులతోని పట్టుకొని పైకి లేచి, నోట్లె నీళ్లు ఉమ్మకముందే ఒర్రిన, "బాపూ, దొరికింది. వాలుగ."

ఒడ్డు మీద సంబరం చూడాలె. బాపు కండువ తిప్పుతున్నడు. చిన్నమ్మ పొయ్యి ముట్టిచ్చింది. మార్కెట్ దోస్తు ఒకాయన నిమ్మకాయ కోసి చేతుల పట్టుకొని నిలబడ్డడు. యోహాను తాడు గుంజి నన్ను పుట్టి అంచుకు తెచ్చిండు. నీళ్లల్లకు వంగి చూసిండు. ఆయన మొఖం ఒక తీరుగ అయింది.

"ఎస్తేరూ, నీ ఎడమ కాలు సూస్కో."

"కాలు తర్వాత సూస్త. ముందుగాల చేపను సూడు."

అని చెప్పి బరిసెను రెండు చేతులతోని నెత్తి మీదికి ఎత్తి, ఒడ్డు మీద ఉన్నోళ్లందరికీ చూపిచ్చిన.

కండువ ఆగింది. నేను తల పైకెత్తి చూసిన. బరిసె కొసకు, నల్లగ నిగనిగలాడుకుంట, నీళ్లు కార్చుకుంట, కంపెనీ తెల్ల గుర్తు ఎండల మెరుసుకుంట, నా ఎడమకాలి ఫిన్ ఏలాడుతున్నది. రబ్బరు చెప్పుల, సరిగ్గ మడిమ కాడ, బరిసె ఇటు నుంచి అటు దిగింది.

మొట్టమొదలు నోరు తెరిచింది మా బాపు. ఎంతైనా కన్నతండ్రి.

"ఏదైతే ఏంది, గురి సూసిన్రా? తప్పలే."

యోహాను నన్ను ఒడ్డుకు చేర్చినంక అత్తమ్మ నీళ్ల అంచు దాక నడిచొచ్చింది. నా చేతుల నుంచి బరిసె తీసుకొని, దాని కొసకున్నదాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, నిమ్మళంగ అడిగింది, "పులుసు వెడ్దమా బిడ్డా, ఏపుడు చేద్దమా?"

ఇగ నవ్వుడు ఎట్ల మొదలైందో, ఎప్పుడు ఆగిందో నాకు తెల్వదు. యోహాను నవ్వలేక పుట్టిల కూలబడ్డడు, పుట్టి గిర్రున తిరిగింది. ఆ దినం చేపల మసాలతోని కోడిగుడ్ల పులుసు అయింది. వచ్చినోళ్లందరూ ముండ్లు లేవని మెచ్చుకుంట తిన్నరు.

వారం ఆగి విశాఖపట్నం దుకాణానికి ఫోన్ చేసిన.

"సార్, ఎడమకాలిది ఒక్కటే అమ్ముతరా?"

"ఎడమదానికి ఏమైందండీ?"

"చేప కొరికింది."

"ఒకసారి ఫోటో పంపండి మేడం."

పంపిన. చానాసేపటికి ఆయన ఫోన్ చేసిండు. గొంతు సవరించుకొని అడిగిండు, "ఏ చేపండీ, ఇంత గుండ్రంగా కొరికింది?"

కావున, కృష్ణానది నీళ్ల సాక్షిగ, సోమశిల ఒడ్డు సాక్షిగ, పీఈటీ ఎస్తేరు అను నేను నిండు మనసుతోని ప్రమాణం చేసి చెప్పునది ఏమనగా: ఇకమీద బతికినంత కాలం, నీళ్లల్ల ఏ జీవిని పొడవాలన్నా, ముందుగాల నా కాళ్లు రెండూ సరిగ్గున్నయా లేదా అని చూసుకొని, గప్పుడే పొడుస్త.