ఆనాటి ధర పన్నెండు వందలే

మద్దూరు లింగారెడ్డి తన తమ్ముడికి అబద్ధం చెప్పలేదు. ఆ సంగతి తెలిసిన తర్వాత కూడా దాదాపు రెండేళ్లు నేను బయటపెట్టలేదు. ఆ రెండేళ్లూ ఊళ్లో ఆయన్ని తమ్ముణ్ణి ముంచిన అన్నగానే చూశారు. వాళ్లు అలా అనుకోవడానికి మూలం నేను చెప్పిన ఒక అంకె. నేను చాలాకాలం ఎవరి ముందూ ఒప్పుకోని భాగం కూడా ఇందులో ఉంది కాబట్టి మొదటి నుంచి రాస్తాను.

సిద్దిపేట జిల్లా అయిన మరుసటి ఏడు, అంటే 2017లో, ఒక షేర్ బ్రోకింగ్ సంస్థ నన్ను ఇక్కడి శాఖకు మేనేజరుగా పంపింది. పేరుకే మేనేజరు. నా కింద ఉన్నది ఇద్దరే. కస్టమర్లు చెప్పిన కొనుగోళ్లు, అమ్మకాలు కంప్యూటర్‌లో వేసే డీలరు ఒకరు, ఖాతాల కాగితాలు చూసే అమ్మాయి ఒకరు. బస్టాండు దగ్గర మేడ మీద రెండు గదులు. వచ్చేవాళ్లలో పత్తి వ్యాపారులు, టీచర్లు, ప్లాటు అమ్మిన డబ్బు చేతిలో ఉన్న రైతులు ఉండేవారు. సగం మంది ఏమీ కొనరు. గోడ మీది టీవీలో అంకెలు చూస్తూ చాయ్ తాగి వెళ్తారు. అయినా వాళ్ల ముందు మాట తడబడకూడదు. ఒకసారి తడబడితే ఆ మాట సాయంత్రానికి మార్కెట్ యార్డు దాకా పోతుంది.

ఆ మరుసటి ఏడు సత్తిరెడ్డి వచ్చాడు. నలభై దాటిన మనిషి, మద్దూరులో ఎరువుల దుకాణం. కాగితం షేర్లను డీమ్యాట్ ఖాతాలోకి మార్చుకోవాలని అందరూ తిరుగుతున్న రోజులవి. ఆయన చేతిలో ఐదు వందల షేర్ల సర్టిఫికెట్లున్నాయి. తండ్రి పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసినప్పుడు ఉద్యోగిగా వచ్చినవి. తండ్రి 2014లో పోయాక పెద్దమనుషుల ముందు పంపకం జరిగింది. పొలం చెరి సగం. సిద్దిపేటలోని ప్లాటు అన్న లింగారెడ్డికి, ఈ షేర్లు తమ్ముడికి. ప్లాటు విలువ ఆరు లక్షలన్నారు. షేరు పన్నెండు వందలుంది కాబట్టి ఐదు వందల షేర్లూ ఆరు లక్షలే, లెక్క సరిపోయింది అని లింగారెడ్డి చెప్పాడట. అంతా నోటిమాటే. ప్లాటు కాగితాల్లో తండ్రి పేరు అలాగే ఉండిపోయింది.

సత్తిరెడ్డి నన్ను మామూలుగానే అడిగాడు. పంపకమైన నెలలో ఈ షేరు ఎంతుందో చూడమన్నాడు. నేను కంపెనీ పేరు కొట్టి, ఐదేళ్ల చార్టు తెరిచి, ఆ నెల మీద మౌస్ పెట్టాను. రెండు వందల నలభై అని చూపింది. అదే గట్టిగా చదివాను. గదిలో మరో నలుగురున్నారు.

ఆయన వేళ్ల మీద లెక్క కట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "అంటే లక్షా ఇరవై వేలు. ప్లాటేమో ఆరు లక్షలు. మా అన్న గింత లెక్క ఎప్పుడు నేర్చుకున్నడు సారూ?"

ఇక్కడ నా పని గురించి ఒక విషయం చెప్పాలి. కంపెనీ పది రూపాయల ముఖవిలువ ఉన్న ఒక షేరును రెండు రూపాయల షేర్లు ఐదుగా విడగొట్టవచ్చు. దాన్ని స్ప్లిట్ అంటారు. మీ దగ్గర ఒకటి ఉంటే ఐదవుతాయి, ధర ఐదో వంతు అవుతుంది, మొత్తం విలువ మారదు. కానీ పాత ధరల్ని అలాగే ఉంచితే, ఒక్కరోజులో షేరు కుప్పకూలినట్టు చార్టులో కనిపిస్తుంది. అందుకని చార్టులు తయారుచేసేవాళ్లు స్ప్లిట్‌కు ముందున్న ధరలన్నిటినీ కూడా ఐదుతో భాగించి చూపిస్తారు. దీన్ని సర్దుబాటు ధర అంటారు. షేరు ఇన్నేళ్లలో ఎంత పెరిగిందో తెలుసుకోవడానికి అదే సరైన ధర. ఫలానా రోజున మనిషి జేబులోంచి ఎంత పోయిందో తెలుసుకోవడానికి మాత్రం అది పనికిరాదు. దానికి స్టాక్ ఎక్స్ఛేంజి ప్రతి సాయంత్రం విడుదల చేసే ఆనాటి ధరల పట్టికను, మేం భావ్ కాపీ అంటాం, తీసి చూడాలి. ఇదంతా నేను పరీక్ష రాసి పాసైన పాఠమే. ఆ రోజు చూడలేదు. అడిగిన వెంటనే చెప్పడమే పనితనం అనుకున్నాను.

అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయాయి. నాకది మరో రకంగా తెలిసింది. తండ్రి పేరున ఉన్న షేర్లు ఒక్క వారసుడికి మారాలంటే మిగతా వారసులు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. లింగారెడ్డి ఒక్కడే మా ఆఫీసుకు వచ్చాడు. అరవై దగ్గర పడ్డ మనిషి, చొక్కా భుజం మీద ట్రాక్టర్ నూనె మరక. సంతకం ఎక్కడ పెట్టాలో అడిగి పెట్టాడు. పక్కనున్న పత్తి వ్యాపారి ఊరుకోలేదు. తమ్ముణ్ణి ముంచినవాడివి, ఇప్పుడు వాడి కాగితం మీద సంతకమెందుకు పటేలా అని పొడిచాడు.

"బాపు వానికిచ్చిన సొమ్ము. వాడు నన్నేమంటే ఏంది, గది వానికి రావాలె గద," అని లింగారెడ్డి పెన్ను మూత పెట్టి ఇచ్చాడు.

షేర్ల జాబితా చూసే రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి కొన్ని నెలలకు జవాబు వచ్చింది. పంపకం తర్వాత షేరు ఐదుగా విడిపోయిందని, కొత్త సర్టిఫికెట్లు ఫ్యాక్టరీ క్వార్టర్ల పాత చిరునామాకు వెళ్లి తిరిగొచ్చాయని, సత్తిరెడ్డికి రావలసినవి ఐదు వందలు కాదు, రెండు వేల ఐదు వందలని అందులో ఉంది.

చదివిన మరుక్షణమే నాకు మొత్తం అర్థమైంది. రెండు వందల నలభైని ఐదుతో హెచ్చిస్తే పన్నెండు వందలు. లింగారెడ్డి చెప్పింది అక్షరాలా నిజం.

సత్తిరెడ్డిని పిలిచి షేర్లు ఐదింతలయ్యాయని చెప్పాను. ఆయన సంతోషానికి హద్దు లేదు. స్వీట్లు తెచ్చి అందరికీ పంచాడు. "అన్న ముంచినా దేవుడు ఇచ్చిండు," అన్నాడు. అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఆయన మా దగ్గరే ఖాతా తెరిచాడు, ఊరి నుంచి మరికొందరిని తెచ్చాడు. ఈ సారుకు షేరు ధర చూడటం కూడా రాదట అని వాళ్లు అనుకుంటారని భయపడ్డాను. అన్నదమ్ములు వాళ్లే కలుస్తారులే అని నాకు నేను చెప్పుకున్నాను.

వాళ్లు కలవలేదు. 2021లో ఒక మధ్యాహ్నం లింగారెడ్డి మళ్లీ వచ్చాడు. ప్లాటులో షెడ్డు వేసి ట్రాక్టర్ రిపేరు పని పెట్టుకోవాలనుకున్నాడు. బ్యాంకు అప్పు ఇవ్వాలంటే ప్లాటు ఆయన పేరున మారాలి, దానికి సత్తిరెడ్డి సంతకం పెట్టాలి. సత్తిరెడ్డి పెట్టనన్నాడు, పైగా ప్లాటులో వాటా కోసం వకీలును కలిశాడు. లింగారెడ్డి నన్ను నిందించడానికి వచ్చాడనుకున్నాను. ఆయన కుర్చీ అంచున కూర్చుని అడిగింది వేరు.

"సారూ, అప్పుడు నేను పేపర్ల చూసే చెప్పిన. పన్నెండు వందలనే యాదికున్నది. మీ కంప్యూటర్ల వేరే ఉన్నదంట. నా కండ్లే మసకబారినయో, సున్నాలు తప్పు చదివిననో. నిజంగ నేనే వాన్ని ముంచిననా? గదొక్కటి చెప్పున్రి. తప్పు నాదైతే ప్లాటు వానికే రాసిస్త."

ఆ మనిషి తన నిజాయితీని నా చార్టుతో కొలుచుకుంటున్నాడు. ఇక మాట దాచడం నా వల్ల కాలేదు. మీరు చదివింది సరైనదే అన్నాను. ఆయన కళ్లెదుటే ఎక్స్ఛేంజి వెబ్‌సైట్‌లోంచి ఆ నెల భావ్ కాపీలు తీశాను. పది రూపాయలు అటూ ఇటూగా రోజూ పన్నెండు వందలే. ఆయన ఆ కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివి, చాలాసేపు దించలేదు.

సత్తిరెడ్డికి ఫోన్ చేశాను. ఖాతా పని ఉందనుకుని వచ్చాడు, అన్నను చూసి గుమ్మంలోనే ఆగాడు. కూర్చోబెట్టి రెండు లెక్కలూ పక్కపక్కన రాసి చూపించాను. ఐదు వందల షేర్లు పన్నెండు వందల చొప్పున ఆరు లక్షలు. రెండు వేల ఐదు వందల షేర్లు రెండు వందల నలభై చొప్పున ఆరు లక్షలు. నేను అప్పుడు సర్దుబాటు ధర చెప్పానని, దాన్ని పాత షేర్ల సంఖ్యతో హెచ్చించామని, తప్పు అక్కడే జరిగిందని వివరించాను. చార్టు అలా చూపించింది అని కూడా అన్నాను. నా తప్పులో సగం యంత్రం మీదికి నెట్టిన మాట అది.

సత్తిరెడ్డి వేలితో అంకెల మీద రెండుసార్లు నడిచాడు. "గీ డబ్బ మాట విని మూడేండ్లు అన్న గడప తొక్కలె," అన్నాడు నాతో, కంప్యూటర్ వైపు చూపిస్తూ. తర్వాత అన్న వైపు తిరిగి, "నువ్వన్న ఒక్కపారి గట్టిగ కొట్లాడొద్దా? నోరు మూసుకుంటే దొంగవనే అనుకోరా?" అని కోపం చేశాడు.

"ముంచే తెలివి నాకుంటే గీ వయసుల ట్రాక్టర్ కింద పండుకుంటనా తమ్మీ?" అన్నాడు లింగారెడ్డి.

సత్తిరెడ్డి నవ్వబోయి ఆపుకోలేక ఏడ్చాడు. మెట్లు దిగేటప్పుడు అన్న బండి తాళం ఆయన చేతిలోంచి తీసుకుని తనే నడిపాడు. ఆ వారమే సంతకం పెట్టాడు. వకీలు దగ్గరికి వెళ్లడం మానుకున్నాడు. షెడ్డు లేచింది. ఆ రోజు కిటికీలోంచి వాళ్లిద్దరూ ఒకే బండి మీద వెళ్లడం చూసినప్పుడు, రెండేళ్లుగా నా మీదున్న బరువు చాలావరకు దిగిపోయింది. చాలావరకే.

ఆ తర్వాత నా శాఖలో ఒక పద్ధతి పెట్టాను. ఎవరు పాత ధర అడిగినా ముందు ఎందుకని అడగాలి. పెరుగుదల కోసమైతే సర్దుబాటు ధర, ఆ రోజు లావాదేవీ కోసమైతే భావ్ కాపీ. ఈ మధ్యలో స్ప్లిట్, ఉచితంగా ఇచ్చే బోనస్ షేర్లు ఏమైనా ఉన్నాయేమో చూడకుండా ఏ అంకెనూ పైకి చదవకూడదు. తెలియకపోతే రేపు చెప్తామనాలి. నేను నేర్చుకున్నది ఇంతే.

పోయిన ఏడాది ముందుగానే పదవీ విరమణ తీసుకుని ఆఫీసు తాళాలు అప్పగించాను. మరునాడు మద్దూరు బస్సెక్కాను. లింగారెడ్డి ఇంటి ముందు మంచం వాల్చి కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు. నేను తాగకముందే చెప్పాను.

"పటేలా, ఆ రోజు తప్పు యంత్రం మీద పెట్టాను. యంత్రం తప్పు కాదు, నాది. అంతకంటే పెద్దది ఇంకొకటుంది. మీరు నిజం చెప్పారని, మీరు ఆ రోజు నా దగ్గరికి రావడానికి రెండేళ్ల ముందే నాకు తెలుసు. నా పేరు పోతుందని మీ పేరు పోనిచ్చాను. నన్ను క్షమించండి."