టర్బో లేని రిమోట్

ఉస్తాద్ పోయిన సంగతి నాకు ఆత్మకూరు పోయే పొద్దుటి బస్సులో తెలిసింది. ముందు సీట్లో ఒకాయన కండక్టర్‌తో అంటున్నాడు. "గద్వాల రేడియో ఉస్తాద్ లేడంట గదా. పొద్దుగాల నమాజుకు లేసి గుండె పట్టుకున్నడంట. దవాఖానకు తీస్కపోయేలోపలే అయిపోయిందంట." "అయ్యో, మంచి మనిషి" అని కండక్టర్ టికెట్ చింపి నా చేతిలో పెట్టాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. బస్సు జూరాల దాటుతోంది. దిగి వెనక్కి పోవచ్చు. పోలేదు. ఆత్మకూరులో నేను గుమాస్తాగా పనిచేసే బడికే పోయి, సాయంత్రం దాకా హాజరు పట్టీల ముందు కూర్చున్నాను. ఆ సాయంత్రమే జనాజా లేచి ఖననం కూడా అయిపోయింది.

మంచి మనిషే. ఇప్పుడందరికీ గుర్తొచ్చింది. నాలుగేళ్ళ కింద ఇదే గద్వాలలో ఆ మంచి మనిషిని తొండి మనిషన్నారు. అన్నదెవరో, నోరు మూసుకుని నిలబడ్డదెవరో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పొగడ్తలు కావాలనుకునేవాళ్ళు మజీదు మలుపులో కట్టిన ఫ్లెక్సీ చదువుకోవచ్చు.

ఉస్తాద్‌ది అమరచింత. వయసులో ఉండగా పల్లికాయల మిల్లులో కుడిచేతి బొటనవేలు పోగొట్టుకున్నాడు. ఆ చేత్తోనే రేడియోలు, టేపురికార్డర్లు, మిక్సీలు బాగుచేయడం నేర్చుకుని గద్వాలలో చిన్న కొట్టు పెట్టాడు. సోల్డరింగ్ ఐరన్‌ను చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ బీడీలా పట్టుకునేవాడు. కొత్తవాళ్ళు ఆ చేతివంకే గుడ్లప్పగించి చూస్తుంటే, "చెయ్యి కాదు భాయ్, పని చూడు" అనేవాడు. ఏ వస్తువునైనా విప్పే ముందు మెల్లగా ఊపి చెవి దగ్గర పెట్టుకోవడం ఆయన అలవాటు. లోపల ఏమన్నా ఊడి కదులుతోందేమో వినేవాడు. ఒకసారి ఒకావిడ ఆగిపోయిన గోడగడియారం తెస్తే అట్లాగే ఊపి, చెవి దగ్గర పెట్టుకుని, "ఏం రోగం లేదమ్మా, ఉపాసమున్నది. సెల్లు ఎయ్యి" అన్నాడు. ఆమె పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వుతూ పోయింది.

నాకప్పుడు పాతికేళ్ళు. డిగ్రీ తప్పాను, ఉద్యోగం లేదు. ఉస్తాద్ కొట్టుకు ఎదురుగా మేడమీద గదిలో వీడియో గేముల దుకాణం పెట్టాను. రెండు టీవీలు, హైదరాబాద్ నుంచి తెచ్చిన రెండు కొత్త గేమ్ పెట్టెలు. వాటి రిమోట్లకు రెండు వైపులా కొమ్ముల్లాంటి పిడులు, బొటనవేళ్ళతో తిప్పే రెండు బుడిపెలు, చుట్టూ బోలెడు బటన్లు. ఓడిపోయినవాడు కోపంతో నేలకేసి కొడితే వారానికొకటి చచ్చేది. దాన్ని పట్టుకుని నేను కిందికి పరుగెత్తేవాణ్ణి.

ఉస్తాద్ బాగుచేసిచ్చి ఊరుకునేవాడు కాదు. నిజంగా పనిచేస్తోందో లేదో చూడటానికి తానే మేడెక్కి వచ్చేవాడు. అట్లా చూస్తూ చూస్తూ కొట్లాట గేమ్ రుచి మరిగాడు. యాభై అయిదేళ్ళ మనిషి! గడ్డం నెరిసినాయన టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంటే కాలేజీ పోరలు ఒకర్నొకరు గోకి చూపించుకునేవారు. కానీ కొత్త రిమోట్ బొటనవేలు అడుగుతుంది. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూపుడువేలితో పొడిచేలోపల అవతలివాడు నాలుగు దెబ్బలు వేసేసేవాడు. "ఇది చేసినోడు పది వేళ్ళూ ఉన్నోళ్ళ కోసమే చేసిండు బేటా" అని నవ్వేవాడు. ఆ నవ్వులో కష్టం ఉందని నాకు తెలుసు.

ఒకరోజు పాత సామాన్ల సంచీలోంచి ఒక రిమోట్ తీశాడు. మా చిన్నప్పటి క్యాసెట్ గేములది. మీరూ ఆడే ఉంటారు. చదునుగా, అరచేతిలో పట్టేంత ఉంటుంది, ఎడమవైపు నాలుగు దిక్కుల మీట, కుడివైపు నాలుగు బటన్లు. బల్లమీద పెట్టి వేళ్ళతో కొట్టొచ్చు, బొటనవేలితో పనిలేదు. "దీన్ని కొత్త పెట్టెకు కలుపుదాం" అన్నాడు.

"ఎట్ల కలుస్తది ఉస్తాద్? దాని వైరే వేరు."

"కొత్త పెట్టె కొత్త బోర్డు మాటనే వింటది. ఆ బోర్డుకు చెప్పేది ఎవరో దానికి తెల్వదు గదా."

చచ్చిన కొత్త రిమోట్ ఒకటి విప్పి లోపలి బోర్డు తీశాడు. పాత రిమోట్ బటన్ల నుంచి సన్నటి తీగెలు లాగి ఆ బోర్డుకు అతికించాడు. బోర్డును ఒక ప్లాస్టిక్ సబ్బుడబ్బాలో పెట్టి మూతేశాడు. మూడు రోజుల పని. ఆ మూడు రోజులూ కొట్టులో వెలుతురు చాలక టార్చిలైటు పట్టుకున్నది నేనే.

పాత రిమోట్లో నాలుగు బటన్లుంటాయన్నాను కదా, వాటిలో రెండు టర్బో బటన్లు. నొక్కి పట్టుకుంటే చాలు, దానంతటదే టపటపా కొడుతూ పోతుంది. గద్వాల గల్లీల్లో పెరిగిన ఎవరినైనా అడగండి, టర్బో నొక్కినవాడిది తొండి ఆట. ఉస్తాద్ మొట్టమొదట చేసిన పని ఆ టర్బో తీగెలు రెండూ కత్తిరించేయడం. నాలుగూ మామూలు బటన్లు చేశాడు. ఒక నొక్కుకు ఒక దెబ్బ. కత్తిరించిన తీగె ముక్కల్ని నా అరచేతిలో పెట్టి, "చూసినవా? ఇగ మనది సాఫ్" అన్నాడు. ప్లాస్టిక్ మీద మాత్రం ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలతో 'టర్బో' అని అట్లాగే ఉంది. "బ్లేడుతో గీకేస్త ఉస్తాద్" అన్నాను. "వద్దు బేటా, పాత సామాన్ల మొకం చెడగొట్టొద్దు. పైన ఏం రాసుంటే ఏంది, లోపల ఉన్నదే ఉంటది" అన్నాడు.

ఆయన వృత్తి అంతా ఆ ఒక్క మాట మీద నిలబడింది. మెకానిక్‌కు వస్తువిచ్చిన మనిషికి లోపల ఏముందో తెలియదు. మంచి సామాను తీసి చెత్త సామాను వేశాడా, అసలు విప్పాడా లేదా, ఏమీ తెలియదు. నమ్మకం మీద ఇచ్చిపోతాడు. ఆ నమ్మకం పోతే కొట్టు మూసుకోవడమే.

ఆ ఎండాకాలం నేను కొట్లాట గేమ్ పోటీ పెట్టాను. గెలిచినవాడికి స్టీలు కప్పు. ముప్పైమంది పేర్లిచ్చారు. ఉస్తాద్ కూడా ఇచ్చాడు. ఆయన వేళ్ళు ఆ పాత రిమోట్ మీద ఎట్లా నడిచాయని! ఒకడి తర్వాత ఒకడు ఓడిపోయాడు. నవ్వినవాళ్ళే ఈలలు వేశారు. చివరి ఆట ఉస్తాద్‌కూ, మా ఇంటాయన కొడుక్కూ మధ్య. నా దుకాణమున్న గది వాళ్ళది. ఆ పిల్లవాడు అంతకుముందు రెండు పోటీలూ గెలిచాడు.

మొదటి ఆట ఉస్తాద్ గెలిచాడు. రెండో ఆటా ఆయనే గెలిచేట్టున్నాడు. ఇంటాయన కొడుకు తన రిమోట్ విసిరేసి లేచాడు. "తొండి! టర్బో కొడుతుండు! చూడుర్రి, రాసే ఉన్నది. సబ్బుడబ్బల ఏం దాసిపెట్టిండో!"

అంతే. టర్బో అనే మాట వినగానే గది గదంతా ఒక్కసారి గోల. గంట కింద ఈలలు వేసిన నోళ్ళే. ఉస్తాద్ నా వైపు తిరిగి, "బేటా, జర స్క్రూడ్రైవర్ ఇయ్యి. ఇప్పి చూపిస్త" అన్నాడు. స్క్రూడ్రైవర్ నా బల్ల సొరుగులోనే ఉంది.

"ఇప్పుడెందుకు ఉస్తాద్, ఇడిసిపెట్టు" అన్నాను.

"పోనీ నువ్వే చెప్పు. నువ్వు చూసినవ్ గదా."

ఇంటాయన కొడుకు నా మొహంలోకి చూస్తున్నాడు. గది పోతుందని భయమేసింది. అంతే. దానికి ఇంకో పేరు పెట్టి మిమ్మల్ని మోసం చేయను.

"నాకు తెల్వదు ఉస్తాద్" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. కోపంగా కూడా కాదు. విన్నమాట నిజమేనా అన్నట్టు చూశాడు. తర్వాత వైరు చుట్టి, సబ్బుడబ్బాతో సహా అన్నీ చేసంచీలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. కప్పు ఇంటాయన కొడుక్కిచ్చాను. చప్పట్లు కూడా కొట్టాను, ఛీ!

మూడు స్క్రూలు విప్పితే తేలిపోయే సంగతి. ఊరు దాన్ని మోసుకుంటూ పోయింది. "ఉస్తాద్ లోపల ఏదో మతలబు చేస్తడంట." "మా రేడియో కూడ అందుకే మల్ల ఖరాబైంది." నిప్పు లేనిదే పొగరాదన్నారు పెద్దమనుషులు. నిప్పు నా నోట్లోనే ఉంది, నేను మింగి కూర్చున్నాను. మిక్సీలు వేరే దుకాణానికి పోవడం మొదలుపెట్టాయి. నేను మేడమీది నుంచి చూస్తుండేవాణ్ణి, ఆయన ఖాళీ బల్లను బ్రష్‌తో తుడుచుకుంటూ కూర్చునేవాడు. ఆర్నెల్లు తిరక్కుండానే మా ఇంటాయన నన్ను ఖాళీ చేయించి ఆ గదిలో తనే సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాడు. ఎవరికోసం నోరు మూసుకున్నానో వాళ్ళే నా మొహాన తలుపు మూశారు. నాకు తగిన శాస్తే.

ఆ తర్వాతే ఉస్తాద్‌కు కొత్త అలవాటు మొదలైంది. బాగుచేసిన వస్తువుకు మూత బిగించేవాడు కాదు. మనిషి వచ్చాక, లోపల అంతా చూపించి, ఏ భాగం మార్చాడో వేలుపెట్టి చెప్పి, వాళ్ళు చూశామన్నాకే ఎదురుగా స్క్రూలు బిగించేవాడు. "మాకేం తెలుస్తది ఉస్తాద్, బిగించియ్యి" అన్నా వినేవాడు కాదు. మెల్లమెల్లగా జనం మళ్ళీ వచ్చారు. ముసలాయన చాదస్తమని నవ్వుకుంటూ వచ్చారు.

నేను ఆ కొట్టు ముందు నుంచి తల వంచుకుని పోయేవాణ్ణి. ఆయనే పిలిచి, "అచ్చగున్నవా బేటా" అనేవాడు. ఒక్కనాడూ ఆ పోటీ సంగతి ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. పోయిన ఏడాది మా అమ్మ రేడియో పాడైతే, ఇంకెవరికీ ఇవ్వనని పట్టుబట్టి నా చేతికిచ్చి ఆయన దగ్గరికే పంపింది. తీసుకోవడానికి పోయిన రోజు ఉస్తాద్ ఆ రేడియో వెనక మూత తీసి, అందరికీ చూపించినట్టే నాకూ చూపించాడు.

"ఇగో, ఇది మార్చిన. ఇది పాతదే. చూసినవా?"

"చూసిన ఉస్తాద్."

"రేపు ఎవరన్న అడిగితే చెప్తవా?"

నేను జేబులోంచి డబ్బులు తీసి లెక్కపెట్టసాగాను. ఆయన నా జవాబు కోసం ఆగి, అది రాదని తెలుసుకుని, స్క్రూలు బిగించి రేడియో చేతికిచ్చాడు. నేను ఆయనతో మాట్లాడింది అదే ఆఖరు. తప్పయిందని చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. దాన్నీ పోగొట్టుకున్నాను.

నలభయ్యో దినం భోజనాలకు ఆయన పెద్దకొడుకు వచ్చి పిలిస్తే పోయాను. ఇంటిముందు షామియానా, చాపలు, బగారా అన్నం, దాల్చా. నా ఎదురు వరుసలో మా పాత ఇంటాయన కొడుకు కూర్చున్నాడు. ఇప్పుడు మీసాలొచ్చాయి, సెల్‌ఫోన్ దుకాణం తనే చూసుకుంటున్నాడు. అన్నం కలుపుతూ అంటున్నాడు, "ఏమన్న ఉస్తాదా! మూత ఇప్పి చూపించందే సామాను ఇయ్యకపోయేటోడు. గసొంటి సాఫ్ మనిషి మల్ల పుట్టడు." అందరూ అవునవునన్నారు.

చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాను. లేచి నిలబడ్డాను.

"ఆయన మూత ఎందుకు ఇప్పేటోడో తెలుసా? మనం తొండి అన్నందుకు. ఆనాడు ఆ రిమోట్ల టర్బో లేకుండె. తీగె కత్తిరించినప్పుడు నేను ఉన్న. నా కండ్లతోని చూసిన. చూసి కూడ తెల్వదన్న."

ఇంటాయన కొడుకు తలెత్తి చూశాడు. నిజంగానే అర్థం కాలేదతనికి. "ఏ రిమోట్ అన్నా?" అన్నాడు. పక్కనున్నవాళ్ళూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒక్కరికి గుర్తుంటే ఒట్టు. ఆ మనిషిని నాలుగేళ్ళు తిన్న మాట, అన్నవాళ్ళ నాలుక మీద నాలుగు రోజులు కూడా నిలవలేదు.

"పోనీ తియ్యన్నా, కూసో, తిను" అన్నారెవరో.

అప్పుడు ఇంటి గుమ్మానికి వేసిన పరదా వెనక నుంచి ఉస్తాద్ భార్య గొంతు వినిపించింది. "మల్లొక్కసారి చెప్పు బేటా. గట్టిగ చెప్పు."

గట్టిగా చెప్పాను. వడ్డించేవాళ్ళు ఆగిపోయారు. గల్లీలో పోతున్న ఇద్దరు నిలబడి విన్నారు. పరదా కింద ఆమె పాదాలు కనబడుతున్నాయి. చెప్పడం అయిపోయినా అవి అక్కడి నుంచి కదల్లేదు. నేను మొదటి నుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాను.