మా ఆయనకి ఏ అలవాటూ లేదు

మా ఆయనకి ఏ అలవాటూ లేదు. ఈ మాట నాది కాదు, ఆయనదే. సెలూన్లో కుర్చీ ఎక్కిన ప్రతివాడికీ మెడ చుట్టూ గుడ్డ కట్టి, గొంతు మీద కత్తి ఆనించి మరీ చెబుతాడు. గొంతు మీద కత్తి ఉండగా కాదనే మొనగాడు ఎవడుంటాడు?

సిగరెట్ వాసనొస్తే ముక్కు మూసుకుంటాడు. పేకాడేవాళ్ళు పనికిమాలినవాళ్ళు. తాగేవాళ్ళయితే అసలు మనుషులే కారు. "మనిషన్నాక మనసు మీద అదుపుండాలండీ" అంటాడు. అని, అద్దం ముందు దువ్వెనల పక్కనున్న గ్లాసెత్తి ఓ గుక్క కాఫీ తాగుతాడు. ఆ గ్లాసు ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. పొద్దున్నే కళ్ళు మూసుకునే చెయ్యి చాపుతాడు, గ్లాసు పెడితేనే కళ్ళు తెరుస్తాడు. కాఫీపొడి నిండుకుందంటే ఇల్లు తగలబడినంత రభస. అది మాత్రం అలవాటు కాదట! పని కోసం తాగేదట. గురివింద తన నలుపెరగదని ఊరికే అన్నారా?

మా తమ్ముడు తాపీమేస్త్రి. వాడు కట్టిన గోడకి వంక పెట్టలేరు. సాయంత్రమైతే మాత్రం ఆ గోడ పట్టుకునే నడవాలి. వాడి తాగుడు భరించలేక మరదలు పాపనెత్తుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. మానితేనే వస్తానంది.

ఓ రోజు వాడు క్షవరానికొచ్చాడు. నేను ఫ్లాస్కులో కాఫీ తీసుకెళ్ళి అక్కడే ఉన్నాను. షాపు నిండా జనం. మా ఆయన మొదలుపెట్టాడు. "సిగ్గుందట్రా నీకు? ఒక్కసారి గట్టిగా అనుకుంటే మానలేవా? అది జబ్బు కాదు, పొగరు."

వాడు అద్దంలోంచి చూసి, "సరే బావా. నువ్వు కాఫీ మాను, నేను సీసా మానేస్తా. ఎవరు ముందు ముట్టుకుంటే వాళ్ళు ఓడినట్టు" అన్నాడు.

అందరూ నవ్వారు. అంతమందిలో వెనక్కి తగ్గితే పరువేం కాను? "కాఫీయేగా!" అని మా ఆయన గ్లాసు పారబోశాడు. నాకూ నవ్వొచ్చింది గానీ, లోపల దేవుడికి దండం పెట్టుకున్నాను. ఈ పందెంతోనైనా తమ్ముడి సంసారం నిలబడితే చాలు.

మర్నాటి నుంచి చూడాలి ఆ వీరుడి అవస్థ! కణతలు నొక్కుకుంటూ కూర్చున్నాడు. ఎవరేమడిగినా కస్సుమన్నాడు. ఒకాయన మీసం ఎగుడుదిగుడుగా కత్తిరించి పంపాడు. ఎండ వల్ల అన్నాడు, దిండు వల్ల అన్నాడు, చివరికి నా వల్ల అన్నాడు. "కాఫీ లేక" అన్నాను. "నోర్ముయ్" అన్నాడు.

మా తమ్ముడికీ చేతులు వణికాయి, చెమటలు పోశాయి, అన్నం సయించలేదు. వాడు మాత్రం ఎవరినీ ఏమీ అనకుండా డాక్టరు దగ్గరికెళ్ళి మందులు తెచ్చుకున్నాడు. పని దిగగానే తిన్నగా సెలూన్‌కొచ్చి బల్ల మీద కూర్చునేవాడు. కట్టేసే వేళ దాకా కదిలేవాడు కాదు.

ఇంతలో మా ఆయనకి ఉన్నట్టుండి హుషారొచ్చింది. తలనొప్పి పోయింది, ఈల కూడా వేస్తున్నాడు. "చూశావా, అదుపంటే ఇదీ" అని కోతలు. దగ్గరికొస్తే లవంగం వాసన. ఆ వాసన నాకు కొత్తా? మా తమ్ముడు ఇన్నేళ్ళూ తాగొచ్చి నమిలింది ఆ లవంగాలే కదా. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోందని అర్థమైంది. అడిగానంటే పందెం తేలిపోతుంది, తమ్ముడు మళ్ళీ సీసా పడతాడు. ఒళ్ళు మండినా నోరు మూసుకున్నాను.

మరదలు కబురు పంపింది, పాపని తీసుకుని రేపొస్తానని. ఆ సాయంత్రం తమ్ముడు గడ్డం చేయించుకోడానికి కుర్చీలో కూర్చున్నాడు. నేను ఉతకాల్సిన తువాళ్ళు ఏరుతున్నాను. మా ఆయన మనసు, అదుపు అంటూ ప్రసంగిస్తూనే చూడకుండా గిన్నెలో బ్రష్ ముంచి వాడి చెంప మీద రాశాడు.

నురగ రాలేదు. గోధుమరంగు నీళ్ళు గడ్డం మీదుగా జారి తెల్లగుడ్డ మీద పడ్డాయి. బ్రష్ ముంచింది సబ్బు గిన్నెలో కాదు, పక్కనున్న దాని జత గిన్నెలో. మహానుభావుడు కాఫీ దాచుకున్నది అందులో!

ఇక పందెం తేలిపోయినట్టే. వాడిప్పుడు లేచి వెళ్ళిపోతాడు. బారు వీధి మలుపులోనే ఉంది.

వాడు పెదవి నాక్కున్నాడు. "పంచదార ఎక్కువైంది బావా."

మా ఆయన గబుక్కున ఆ గిన్నె మీద తువాలు కప్పాడు.

"లవంగాలు చాలవు. నోటి వాసన పోతుంది గానీ, ఈల పట్టిస్తుంది. నువ్వు ఈలేసిన రోజే తెలిసింది నాకు" అన్నాడు తమ్ముడు.

"మరి గెలిచానని చెప్పలేదేంరా?" అన్నాను నేను, ఉండబట్టలేక.

"చెబితే పందెం అయిపోతుందిగా అక్కా. అయిపోతే నేనెక్కడికి పోతానో నాకు తెలీదా?"

మా ఆయన బ్రష్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చెయ్యి వణుకుతోంది. "నా వల్ల కాలేదురా" అన్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. నాకు నవ్వూ రాలేదు, జాలీ కలగలేదు. ఇన్నాళ్ళూ ఆయన్ని చూసి నవ్వుకున్నందుకు సిగ్గేసింది.

"రేపు పాప ముద్దు పెడుతుంది, గడ్డం నున్నగా ఉండాలి" అన్నాడు తమ్ముడు. "ముందా మిగిలింది తాగేసి రా బావా. వణికే చేతికి నా గొంతు ఇవ్వలేను."

బ్రష్ ముంచిన కాఫీ. పైన సబ్బు తేలుతోంది. మా ఆయన గోడవైపు తిరిగి దాన్ని చివరి చుక్కదాకా తాగాడు. చెయ్యి కుదుటపడింది. తమ్ముడు తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు. గడ్డం గీస్తున్నంతసేపూ మా ఆయన నోట ఒక్క నీతీ రాలేదు.